పదహారు అడుగుల బోటు, సమామిష్ సరస్సు: నా అనుభవం

సియాటిల్ వైపు ఉండే తెలుగువాళ్ళకు సమామిష్ సరస్సును పరిచయం చెయ్యక్కర్లేదు. ఉత్తరాన రెడ్‌మండ్, దక్షిణాన ఇసాక్వా, మధ్యలో సుమారు ఏడు మైళ్ళ పొడవున నీళ్ళు. వేసవిలో పార్కు నిండా పులిహోర డబ్బాలు, క్రికెట్ బ్యాట్లు, పిల్లల కేకలు. అక్కడ కూర్చుని నీళ్ళ మీద దూసుకెళ్ళే బోట్లను చూస్తూ "మనమూ ఒకటి కొంటే" అనుకోనివాళ్ళు ఉండరు. తెలివైనవాళ్ళు అనుకుని ఊరుకుంటారు. నేను కొన్నాను.

కొత్తది కాదు. పదహారు అడుగుల అల్యూమినియం బోటు, వెనక 25 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు, దాన్ని లాక్కెళ్ళడానికి ఒక ట్రైలర్. స్టీరింగ్ చక్రం ఉండదు. మోటారుకే ఒక పిడి ఉంటుంది, వెనక కూర్చుని దాన్నే అటూ ఇటూ తిప్పాలి. చేపల పిచ్చి నాది, నీళ్ళ మీద తిరిగే సరదా పిల్లలది, ఖర్చు లెక్కలు మా ఆవిడవి.

మాది నరసాపురం పక్కన ఊరు. పంటు మీద మోటారు సైకిల్ ఎక్కించి గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్ళిరావడం మా ఇంట్లో బజారుకెళ్ళినంత మామూలు. అయినా ఫోన్లో బోటు సంగతి చెప్పగానే నాన్న గొంతు మారిపోయింది. "ఒరేయ్, నీళ్ళ పక్కన పుట్టాం కదా అని ధీమా పడకు. కచ్చులూరు మర్చిపోయావా?" అన్నారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. యాభై మంది దాకా పోయారు. బతికిన ఇరవై ఆరుగురిని ఒడ్డుకు చేర్చడంలో ఆ చుట్టుపక్కల గిరిజనులదే పెద్ద చెయ్యి. మునిగిన బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి నెల దాటింది. ఆ నెలంతా నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. అందుకే ఆయనకు ఒక మాటిచ్చాను. నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాకే బోటును నీళ్ళలో దించుతాను అని.

నేర్చుకోకపోతే ఇక్కడ కుదరదు కూడా. వాషింగ్టన్ రాష్ట్రంలో 15 హార్స్‌పవర్, అంతకు పైబడ్డ మోటారు బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. 1955 జనవరి 1 తర్వాత పుట్టిన వాళ్ళందరికీ వర్తిస్తుంది కాబట్టి దాదాపు ఎవరూ తప్పించుకోలేరు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. టెక్సస్‌లో ఇలాంటి రూలే 1993 సెప్టెంబరు 1, ఆ తర్వాత పుట్టినవాళ్ళకే. డాలస్‌లో ఉండే మా బావమరిది "నాకు అక్కర్లేదు, నేను ముందే పుట్టాను" అని నవ్వాడు. రూలుకు పుట్టినరోజు కావాలేమో, నీళ్ళకు అదేం పట్టదు. కార్డు సంపాదించడం పెద్ద కష్టమేం కాదు. ఆమోదించిన కోర్సు ఆన్‌లైన్‌లో చదివి, పరీక్ష పాసై, ఫీజు కడితే వస్తుంది. జీవితాంతం చెల్లుతుంది.

నేను ఆన్‌లైన్‌తో సరిపెట్టుకోకుండా కోస్ట్ గార్డ్‌కు (అమెరికా తీర రక్షక దళం) అనుబంధంగా పనిచేసే ఆగ్జిలరీ వాలంటీర్లు చెప్పే క్లాసుకు కూడా వెళ్ళాను. అదే మంచిదైంది. స్క్రీన్ మీద బొమ్మలు చూసి టిక్కు పెట్టడం వేరు, జీవితమంతా నీళ్ళ మీద గడిపిన ఒక పెద్దాయన ఎదురుగా నిలబడి చెప్పడం వేరు. ఆయన మొదట బోర్డు మీద మూడు అంకెలు రాశారు. 564, 75, 87. కోస్ట్ గార్డ్ లెక్కల ప్రకారం 2023లో అమెరికా మొత్తం మీద సరదా బోట్ల ప్రమాదాల్లో పోయినవాళ్ళు 564 మంది. కారణం తెలిసిన మరణాల్లో 75 శాతం మునిగిపోవడం వల్లే. అలా మునిగినవాళ్ళలో 87 శాతం మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు.

"వీళ్ళ బోట్లలో జాకెట్లు లేవనుకుంటున్నారా?" అని అడిగారాయన. ఉండకపోవడం ఏమిటి, మనిషికొకటి ఉండాలన్నది చట్టం. చాలామందికి ఉంటాయి. సీటు కింద, సంచిలో, కొత్త ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా. ఆయన క్లాసు మొత్తం దీని చుట్టూనే తిరిగింది. చిన్న బోటులో పడిపోవడానికి క్షణం పట్టదు, పడ్డ క్షణాన మన ఒంటి మీద ఏముందో అదే మన ఆస్తి. బోటులో ఉన్నది బోటుతో పాటు వెళ్ళిపోతుంది.

మా బ్యాచ్‌లో ఒకాయన లేచి తనకు ఈత బాగా వచ్చని చెప్పారు. నిజానికి నా మనసులో ఉన్నదీ అదే. పంట కాలువలో, చెరువులో ఈది పెరిగినవాళ్ళం. కానీ ఆ నీళ్ళు గోరువెచ్చటి నీళ్ళు. ఇక్కడ మే నెల మొదట్లో పైన ఎండ ఎంత ముద్దుగా కాస్తున్నా, సరస్సు నీళ్ళు ఇంకా 60 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపే ఉంటాయి. అంటే మనకు అలవాటైన లెక్కలో పదిహేను డిగ్రీల చుట్టుపక్కల. చన్నీళ్ళ గురించి క్లాసులో ఒక సూత్రం చెప్పారు, 1-10-1 అని. మొదటి ఒక నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. తర్వాత పది నిమిషాలు చేతులు, కాళ్ళు కాస్త మాట వింటాయి. ఒళ్ళు బాగా చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. అంటే చలికి గడ్డకట్టి పోతారనుకోవడం తప్పు. జాకెట్ లేని మనిషికి ఆ గంట దాకా వెళ్ళే అవకాశమే రాదు, చాలామంది మొదటి నిమిషాల్లోనే పోతారు. చల్లటి నీళ్ళు ఒంటికి తగలగానే నోరు తెరుచుకుని పెద్దగా ఊపిరి లాగేస్తాం. అది మనం చేసే పని కాదు, ఒళ్ళు చేసే పని. ఆ ఊపిరి లాగే క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే లోపలికి వెళ్ళేది గాలి కాదు. ఈతకు అక్కడ పనేం లేదు.

వింటే నమ్మకం కుదరలేదు. మే మొదట్లో ఒక శనివారం ఇసాక్వా వైపు పార్కులో, ఛాతీ లోతు దాటని చోట, ప్రయత్నించి చూశాను. మా కాలనీలో ఉండే అన్న ఒకాయన తాడు ఒక కొస నా నడుముకు కట్టి, రెండో కొస పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. మా ఆవిడ తువ్వాళ్ళు, ఫ్లాస్కులో టీ పట్టుకుని, "ఏమండీ, ఇదంతా అవసరమా" అన్న ముఖంతో నిలబడింది. (ఇంట్లో వేన్నీళ్ళు లేకపోతే స్నానమే మానేసే మనిషిని మరి.) మొదట జాకెట్ వేసుకుని, బకిల్స్ బిగించి ఒక్కసారిగా కూర్చున్నాను. గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. హా హా హా అంటూ ఊపిరి తన పాటికి తాను ఎగిరిపోతోంది, ఆపుదామన్నా ఆగదు. అన్న ఏదో అడుగుతున్నారు, జవాబు చెప్పడానికి మాట రావట్లేదు. కానీ జాకెట్ తలను పైనే ఉంచింది. కాసేపటికి ఊపిరి సర్దుకుంది.

అసలు పాఠం రెండో ప్రయత్నంలో వచ్చింది. ఒళ్ళు తుడుచుకుని, టీ తాగి, వెచ్చబడ్డాక మళ్ళీ దిగాను. ఈసారి జాకెట్ ఒంటి మీద లేదు, చేతిలో ఉంది. నీళ్ళలో వేసుకోవాలి. జాకెట్ తేలుతుంది కదా, అది మనకు సాయం చేస్తుందనుకుంటాం. చెయ్యదు. ఒక చెయ్యి దూరిస్తే రెండో వైపు చంక కింద నుంచి జారి పైకి లేస్తుంది. దాన్ని కిందికి నొక్కితే మనం మునుగుతాం. ఎలాగో రెండు చేతులూ దూర్చాక బకిల్ దొరకలేదు. దొరికిన బకిల్ వేళ్ళకు తెలియలేదు. చూస్తున్నాను, నొక్కుతున్నాను, క్లిక్ మన్న శబ్దం మాత్రం రాదు. కాళ్ళ కింద ఇసుక ఉంది కాబట్టి నవ్వుకున్నాం. సరస్సు నడిమధ్య వంద అడుగుల దాకా లోతుంటుంది. ఇలాంటిది మీరు చేసి చూడాలనుకుంటే ఒంటరిగా వద్దు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు అసలే వద్దు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రూలు, జాకెట్ వేసుకునేది బోటులో కాదు, ర్యాంపు దగ్గర కారు దిగగానే. చట్టం ఇంత అడగదు. ఇక్కడ 19 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు 12 ఏళ్ళు, అంతకన్నా చిన్న పిల్లలు మాత్రమే తప్పనిసరిగా వేసుకోవాలి. పెద్దవాళ్ళకు బోటులో ఉంటే చాలు. నాకు ఈ తేడా ఎప్పటికీ అర్థం కాదు. పిల్లాడు తేలుతూ, తండ్రి మునిగితే ఆ పిల్లాణ్ణి ఎవరు తీస్తారు?

పిల్లల జాకెట్లు వయసును బట్టి కాదు, బరువును బట్టి కొనాలి. 30 పౌండ్ల లోపు ఒకటి, 30 నుంచి 50 దాకా ఒకటి, 50 నుంచి 90 దాకా ఇంకొకటి, ఆ పైన పెద్దవాళ్ళది. "ఏడాదిలో ఎదుగుతాడు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అని బట్టల షాపులో చేసే పని ఇక్కడ చెయ్యకూడదు. మా చిన్నదానికి వేసి, బకిల్స్ అన్నీ పెట్టి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూశాను. గడ్డం, చెవులు లోపలికి జారిపోతే అది వదులు. స్విమ్మింగ్ పూల్‌లో చేతులకు తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్ కింద లెక్కకు రావు, కోస్ట్ గార్డ్ ఆమోదం ఉన్న లేబుల్ లోపల కనపడాలి. గాలి నిండి ఉబ్బే సన్నటి జాకెట్లు పెద్దవాళ్ళకు సౌకర్యంగా ఉంటాయి కానీ 16 ఏళ్ళ లోపు పిల్లలకు పనికిరావు.

జాకెట్ తర్వాత నేను అంతగా పట్టించుకునేది ఒక ఎర్ర తాడు. స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ఒక కొసన ఉన్న క్లిప్పు మోటారు స్విచ్ కింద దూరుతుంది, రెండో కొస నడిపే మనిషి జాకెట్‌కు తగిలించాలి. మనిషి పడిపోతే తాడు లాగి క్లిప్పు ఊడుతుంది, మోటారు ఆగిపోతుంది. దీన్ని కిల్ స్విచ్ అంటారు. 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు బోట్లలో, 3 హార్స్‌పవర్, ఆ పైన ఉన్న మోటారుతో వేగంగా వెళ్ళేటప్పుడు దీన్ని తగిలించుకోవాలని ఫెడరల్ చట్టమే ఉంది.

ఎందుకంత పట్టింపు అంటే, నా బోటు లాంటి పిడి మోటారును వదిలేస్తే అది నేరుగా వెళ్ళిపోదు. ప్రొపెల్లర్ తిరిగే ఊపుకు మోటారు ఒక పక్కకు మెలి తిరుగుతుంది, బోటు గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. తిరిగి తిరిగి పడిన మనిషి మీదికే వస్తుంది. ఒకసారి తప్పినా మళ్ళీ వస్తుంది. క్లాసులో ఆ వీడియో చూపించారు. నీళ్ళలో మనిషి లేడు, బొమ్మ ఉంది, అయినా గది అంతా నిశ్శబ్దమైపోయింది. ఇప్పుడు ప్రతిసారీ మోటారు స్టార్ట్ చేసిన వెంటనే ఒడ్డు దగ్గరే తాడు ఒకసారి లాగి చూస్తాను. మోటారు టక్కున ఆగాలి. ఆగకపోతే ఆ రోజు చేపల్లేవు.

ఇక్కడ మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "మీరు పడ్డారు, తాడు మీతోనే పోయింది, మోటారు ఆగింది. బాగుంది. మరి మేం మిమ్మల్ని ఎలా తీసుకురావాలి?" క్లాసులో పెద్దాయనకు ఈ మాట చెబితే, నవ్వి, "మీ ఇంట్లో కెప్టెన్ ఆవిడే" అన్నారు. ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్ళూ నిజం. క్లిప్పు లేకుండా మోటారు మళ్ళీ స్టార్ట్ కాదు. అందుకని అదే మోటారుకు సరిపోయే విడి క్లిప్పు ఒకటి కొని ఆవిడ జాకెట్ జేబులో జిప్పు వేసి పెట్టాం. క్లిప్పు ఒక్కటే ఉంటే చాలదు కదా, ఆవిడ కూడా కోర్సు చేసి కార్డు తెచ్చుకుంది. పరీక్షలో నాకన్నా ఎక్కువ మార్కులు. ఇది ఇప్పటికీ వింటూనే ఉన్నాను.

తర్వాత పాత కుషన్ ఒకటి నీళ్ళలో విసిరి, దాన్ని మనిషనుకుని తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాం. మనిషి ఏ పక్కకు పడితే బోటు ముందు భాగాన్ని ఆ పక్కకే తిప్పాలి. అప్పుడు వెనక ఉన్న ప్రొపెల్లర్ అతనికి దూరంగా జరుగుతుంది. పిడి మోటారుతో తికమక ఏమిటంటే, బోటు కుడికి తిరగాలంటే పిడిని ఎడమకు తొయ్యాలి. కంగారులో చెయ్యి తెలిసిన దారినే పోతుంది, అందుకే తలతో కాకుండా చేతితో నేర్చుకునేదాకా చెయ్యాలి. ఒకరు కుషన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా వేలితో చూపిస్తూ ఉండాలి. మా పెద్దాడి డ్యూటీ అది. చుట్టూ తిరిగి, గాలికి ఎదురుగా, మెల్లగా దగ్గరికి వచ్చి, చెయ్యి అందే దూరంలో మోటారు పూర్తిగా ఆపెయ్యాలి. న్యూట్రల్‌లో పెట్టడం కాదు, ఆపడం. మనిషిని ఎక్కించుకునేటప్పుడు, పిల్లలు ఈతకు దిగినప్పుడు ప్రొపెల్లర్ తిరగకూడదు. దీంట్లో బేరం లేదు.

బోటును నీళ్ళలో దించే ముందు చేయించిన ఇంకో పని, ఆగ్జిలరీ వాళ్ళ ఉచిత తనిఖీ. ఇంటికే వచ్చి చూస్తారు. ఫెయిలైతే ఫైన్ వెయ్యరు, ఎవరికీ రిపోర్ట్ చెయ్యరు, ఏం మార్చాలో చెప్పి వెళ్తారు. పాసైతే ఆ ఏడాది స్టిక్కర్ అంటిస్తారు. బోటుతో పాటు వచ్చిన జాకెట్లలో రెండు బూజు పట్టి కుట్లు వదిలి ఉన్నాయి, అవి లెక్కలోకి రావన్నారు. అగ్నిమాపక సిలిండర్‌ను తిరగేసి అడుగున అచ్చేసిన సంవత్సరం చూపించారు. మళ్ళీ నింపలేని రకానికి తయారైన ఏడాది నుంచి పన్నెండేళ్ళే ఆయుష్షు, ముల్లు ఇంకా పచ్చ గీత మీదే ఉన్నా సరే. మాది ఎప్పుడో దాటిపోయింది, కొత్తది కొన్నాం. పదహారడుగులు, ఆ పైన ఉన్న బోటులో విసరడానికి వీలైన తేలే వస్తువు ఒకటి ఉండాలి. మాకు అది నాలుగు మూలల కుషన్. దాని మీద ఎవరైనా కూర్చుంటే మంచిదే, ఐస్ బాక్సు కింద నలిగితే మాత్రం లేనట్టే లెక్క.

ర్యాంపు మీద ఆదివారం ఉదయం చూడాలి. వెనక పదిమంది ట్రైలర్లతో ఎదురుచూస్తుంటారు, ఆ టెన్షన్‌లో ఏదో ఒకటి మర్చిపోతాం. అందరూ మర్చిపోయేది బిరడా. బోటు వెనక అడుగున ఒక కన్నం ఉంటుంది, ఇంట్లో పెట్టినప్పుడు వాన నీళ్ళు పోవడానికి తెరిచి ఉంచుతాం. దాన్ని మూయకుండా దించితే బోటు మెల్లగా లోపలి నుంచి నిండుతుంది. నేను బిరడాను కారు తాళానికే తగిలిస్తాను. కారు తీసినప్పుడల్లా అది చేతికి తగులుతుంది. ఇక పెట్రోలు. మా ట్యాంకు చేత్తో ఎత్తుకునే ఎర్ర డబ్బా. దాన్ని బోటులో ఉంచి నింపరు, కింద నేల మీద పెట్టి నింపాలి. ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి కూర్చుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఎంత నింపాలంటే, వెళ్ళడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగతాది ముట్టుకోకుండా.

సాంకేతిక విషయాలన్నీ ఒక ఎత్తు, మొహమాటం ఒక ఎత్తు. బోటు లోపల చిన్న పలక ఉంటుంది, ఎంతమంది, ఎంత బరువు, ఎంత మోటారు అని. మాది నలుగురికి. రెండిట్లో ఏది ముందు దాటితే అదే హద్దు, అందులో సామాను బరువూ చూసుకోవాలి. బోటు కొన్నామని తెలిశాక వారానికో కుటుంబం. పలావు గిన్నె, మజ్జిగ సీసాలు, అమ్మమ్మతో సహా దిగుతారు. "ఇంకొకళ్ళు సర్దుకుంటే పోలా బావా? గోదారోళ్ళం, నీళ్ళంటే మనకు భయమేంటి?" అని ఒక స్నేహితుడు అప్పటికే ఒక కాలు బోటులో వేసేశాడు. వెనక్కి దిగమని చెప్పడం ఎంత కష్టమో మనవాళ్ళకు వివరించక్కర్లేదు. పలక చూపించాను, "రూలు నాది కాదు, బోటు కంపెనీది" అన్నాను. ఇద్దరిద్దరు చొప్పున తిప్పుకొచ్చాను. కాస్త మొహం మాడ్చుకున్నాడు, పలావు తిన్నాక మామూలైపోయాడు. పలక మీద అంకె కూడా ఎండ, గాలి లేని మంచి రోజుకే. అలలుంటే ఇంకా తగ్గించాలి.

ఎక్కాక కూర్చోవాలి. ఇది చెప్పినంత సులువు కాదు, ఫోన్ బయటికి తీయగానే అందరికీ లేచి నిలబడాలనిపిస్తుంది. మనిషి లేస్తే బరువు పైకి వెళ్తుంది, చిన్న బోటు పక్కకు వాలడానికి అది చాలు. నలుగురూ ఒకే పక్కకు జరిగి సెల్ఫీ తీసుకుంటే ఇక చెప్పేదేముంది. బీరు సంగతి ఒక్క ముక్క. కారుకున్న 0.08 హద్దే ఇక్కడ బోటుకూ ఉంది. ఎండ, చప్పుడు, ఊపు కలిసి నీళ్ళ మీద అదే బీరు తొందరగా ఎక్కుతుంది. నడిపేవాడికి మజ్జిగే.

నీళ్ళ మీద గీతలు, సిగ్నళ్ళు లేవు కానీ దారి రూళ్ళు ఉన్నాయి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. అడ్డంగా వచ్చే బోటు నా కుడి పక్క నుంచి వస్తుంటే దారి వాళ్ళది, నేనే ఆగాలి. చీకట్లో ఇది ఇంకా తేలిక. బోట్లకు ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం. కుడి నుంచి అడ్డంగా వచ్చేవాళ్ళది మనకు ఎర్రదే కనిపిస్తుంది, ఎర్ర దీపం అంటే ఆగమనే కదా. తెరచాప బోట్లకు, తెడ్డు వేసుకునేవాళ్ళకు మనమే తప్పుకోవాలి. మన బోటు వెనక లేచే అలల వల్ల ఎవరి పడవ బోల్తా పడినా బాధ్యత మనదే.

అలల గురించి కాస్త చెప్పాలి. "సముద్రమా ఏమన్నా, సరస్సే కదా" అనుకుంటారు. సమామిష్ ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంటుంది. గాలి ఉత్తరం నుంచి తిరిగితే ఏడు మైళ్ళ పొడుగునా నీళ్ళను తోసుకుంటూ వస్తుంది, ఇసాక్వా కొసకు చేరేసరికి అలలు బాగా ఎత్తుగా ఉంటాయి. మేం దించేది ఆ కొసలోనే. కాబట్టి పొద్దున్న అద్దంలా ఉన్న నీళ్ళను చూసి సాయంత్రాన్ని అంచనా వెయ్యను, బయల్దేరే ముందు గాలి ఎటు, ఎంత అని చూసుకుంటాను. పెద్ద బోట్లు లేపే అలలకు పక్కను చూపించకూడదు. వేగం తగ్గించి, కాస్త ఏటవాలుగా ముందు భాగంతో ఎదుర్కోవాలి.

లంగరు కూడా ముందు భాగానికే కట్టాలి. చేపలు పట్టేటప్పుడు వెనక కూర్చుంటాం, చేతికి దగ్గరని వెనక కట్టాలనిపిస్తుంది. నా లాంటి బోటుకు వెనక గోడే అన్నిటికన్నా పొట్టి, మోటారు బరువు, మనిషి బరువు అక్కడే. లంగరు తాడు కూడా అక్కడే కిందికి లాగితే ఒక అల లోపలికి వస్తుంది, ఆ నీళ్ళ బరువుకు ఇంకా దిగుతుంది, రెండో అలకు అడ్డే ఉండదు. ఒకవేళ బోటు నిండినా, తిరగబడినా దాన్ని వదిలి ఒడ్డుకు ఈదకూడదని క్లాసులో పదే పదే చెప్పారు. ఇలాంటి చిన్న బోట్లకు సీట్ల కింద నురగ దిమ్మలు పెట్టి ఉంటాయి, నీళ్ళు నిండినా తేలుతుంది. పట్టుకుని, వీలైతే పైకెక్కి ఉండాలి. వెతికేవాళ్ళకు తల కన్నా బోటు ముందు కనపడుతుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం దక్షిణం వైపు లోతు తక్కువ చోట నాచు మధ్య నుంచి వస్తున్నాం. మోటారు వెనక నుంచి సన్నటి నీటి ధార ఒకటి ఎప్పుడూ చిమ్ముతూ ఉంటుంది. లోపలికి లాగిన నీళ్ళు మోటారును చల్లబరుస్తున్నాయనడానికి అదే గుర్తు. దాన్ని అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి చూడటం అలవాటైంది. ఆ రోజు ధార సన్నబడి, చుక్కలు చుక్కలుగా మారింది. వెంటనే మోటారు ఆపేశాను. ఆపిన మరుక్షణం గాలి బోటును రాళ్ళ వైపు తొయ్యడం మొదలుపెట్టింది. ముందు లంగరు వేశాం. తర్వాత కిల్ స్విచ్ క్లిప్పు తీసి జేబులో పెట్టుకుని, మోటారును పైకి వంచితే, నీళ్ళు పీల్చే జల్లెడ నిండా పచ్చటి నాచు ముద్ద. చేత్తో లాగేసి, ధార వచ్చే రంధ్రంలో సన్న తీగ పెట్టి కదిపాను. మళ్ళీ స్టార్ట్ చేస్తే ధార ఎప్పటిలా వచ్చింది. అది రాకపోయి ఉంటే తెడ్లున్నాయి, మెడలో వాటర్‌ప్రూఫ్ సంచిలో ఫోనుంది. ఎక్కడి నుంచి బయల్దేరాం, ఎన్నింటికి తిరిగొస్తాం అన్న మెసేజ్ పొద్దున్నే అన్నకు వెళ్ళింది. చెప్పిన టైముకు రాకపోతే ఫోన్ చేస్తారు, ఎత్తకపోతే అత్యవసర నంబరు 911కి చేస్తారు.

మనవాళ్ళలో బోటు కొనేవాళ్ళు తక్కువ, లాంగ్ వీకెండ్‌కు పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే చదునైన బోటు) అద్దెకు తీసుకునేవాళ్ళు ఎక్కువ. వాషింగ్టన్‌లో అద్దెకిచ్చేవాళ్ళు భద్రతా చెక్‌లిస్ట్ ఒకటి చదివించి సంతకం పెట్టించుకుంటారు, ఆ అద్దె వరకు కార్డు లేకపోయినా నడుస్తుంది. గంటకింత అని డబ్బు కట్టాం కాబట్టి అందరూ గబగబా సంతకం పెట్టేసి ఎక్కేస్తారు. ఆ పది నిమిషాలు అక్కడే ఖర్చు పెట్టండి. కిల్ స్విచ్ తాడు ఎక్కడుంది, విడి క్లిప్పు ఉందా, మోటారు ఎలా ఆపాలి, నిచ్చెన ఎలా దించాలి, ఎంతమందికి అనుమతి, ఇవన్నీ చేసి చూపించమనండి, మీరే కాదు, ఇంకొకరు కూడా పక్కన నిలబడి నేర్చుకోవాలి. లోతు తక్కువ ఉన్న చోట్లు, నెమ్మదిగా వెళ్ళాల్సిన చోట్లు మ్యాపులో చూపించమనండి. వాళ్ళ దగ్గర పెద్దవాళ్ళ జాకెట్లు కుప్పలుగా ఉంటాయి, చిన్న సైజులే దొరకవు. బుక్ చేసేటప్పుడే పిల్లల బరువులు ఫోన్లో చెప్పి, ఆ సైజులు పక్కన పెట్టించండి. లేవంటే మీ జాకెట్లు మీరే కొని తీసుకెళ్ళండి, పిల్లల జాకెట్ ఖరీదు ఆ బోటు ఒక గంట అద్దె కన్నా తక్కువే ఉంటుంది.